పొద్దుండగానే మూసిన పెట్టెలు

సంచిలో స్వెట్టరు అడుగున పెట్టాలా పైన పెట్టాలా, లారీలో చలి వేస్తే చెల్లెలు అడుగు దాకా వెతకదు, వణుకుతూనే కూర్చుంటుంది, చిన్నప్పుడు జ్వరంలోనూ అంతే, దుప్పటి కావాలని నోరు తెరిచి అడిగేది కాదు, పైనే పెడదాం, మాత్రలు పక్క జేబులో, మొహానికి కట్టుకునే వల మడతపెట్టి, తేనెటీగలకు పట్టే పొగడబ్బా సంచిలో పెట్టకు అక్కా, అది నా చేతిలో ఉండాలి అంటోంది గుమ్మంలోంచి, అరవై దాటిన మనిషి, నలభై తేనెపెట్టెలు వేసుకుని పూలు వెతుక్కుంటూ ఊరుగాని ఊరికి, ఇక్కడ పూలేవీ మరి, మొక్కజొన్నలోంచి బండ్లకు పోసే స్పిరిట్ తీసే ఫ్యాక్టరీ వచ్చాక కనుచూపు మేరా మొక్కజొన్నే, దాని పూతలో తేనె చుక్క ఉండదు, మందు చల్లిన ప్రతిసారీ మర్నాడు పెట్టెల ముందు ఈగలు గుప్పెళ్లకొద్దీ రాలి ఉంటాయి, కార్లే కంకులు మేస్తుంటే నా ఈగలేం తింటాయక్కా, వాటికి పెట్రోలు తాగడం నేర్పాలి అని చెల్లెలు నవ్వుతుంది, అక్క తలెత్తకుండా సంచి మూతి బిగిస్తుంది, మన నువ్వుల చేనొకటి ఉందిగా అక్కా, పూతకొచ్చిందని ఫోన్ చెయ్యి, మర్నాటికి నీ ముందుంటా, చేస్తాలేవే, చేయకేం.

ఏమని చేస్తుంది అక్క, ఫ్యాక్టరీ వదిలే నీళ్లు బావిలోకి ఊరి, తోడిన బిందె పులిసిన కంపు కొట్టిన రోజున, ఇక ఆ చేను తడపడం తన వల్ల కాదనిపించి, ఫ్యాక్టరీ గుమాస్తా చాపిన కౌలు కాగితం మీద సంతకం పెట్టేసింది, అందులోనూ మొక్కజొన్నే వేస్తారట, చెల్లెలికి చెప్పలేదు, చెబితే అరవదు, అరిచినా బాగుండు, ఊరికే చూస్తుంది, చేను కొలిచేవాళ్లు సాయంత్రమే వస్తామన్నారు, వాళ్ల జీపు కనబడేలోగా లారీ కదలాలి, చీకటి పడనీ అక్కా, మేతకెళ్లిన ఈగలన్నీ గూటికి చేరాకే కదా మూసేది, ఇన్నేళ్లూ చూసి కూడా ఇదేం తొందర, డ్రైవరు విసుక్కుంటున్నాడే తల్లీ, నాలుగు ఈగలు మిగిలితే కొంపలేం మునగవు అంటూ తనే ఒక్కొక్క పెట్టె ద్వారానికీ చెక్క బిగించింది, పొద్దు ఇంకా ఉండగానే.

లారీ వెళ్లింది, జీపు వచ్చి చేను కొలుచుకుని వెళ్లింది, అప్పుడొచ్చాయి ఈగలు, ఒకటి, పది, వందలు, పెట్టెలుండిన ఇటుకల పైన, ఖాళీ గాలిలో, సరిగ్గా ద్వారం ఉండాల్సిన ఎత్తున తిరుగుతూ, మూడు రోజులు తిరిగాయి, నాలుగో రోజు ఇటుకల చుట్టూ చచ్చి పడినవాటిని చీపురుతో ఎత్తింది, పూత వచ్చిందా అక్కా అని ఫోను, ఇంకా లేదే, మళ్లీ ఫోను, ఇంకా లేదే, ఆ తర్వాత ఫోనే లేదు, చేను కౌలుకిచ్చిన సంగతి ఎవరో చెప్పే ఉంటారు, రావడానికి పూలే కావాలా, అక్క ఒక్కతే ఉంటే చాలదా అని చాలాకాలం నిష్ఠూరపడింది, కానీ ఆ ఇటుకలు ఇంకా అక్కడే ఉన్నాయి, రోజూ కనబడతాయి, చెల్లెలు వదిలిపోలేదు, ఆ ఈగల్లాగే చెల్లెలు బయట ఉండగా ద్వారం మూసింది తను.

చెల్లెలు తిరిగి రాలేదు, నువ్వులు పూయాల్సిన ఆ నెలలోనూ, ఆ తర్వాతి పదకొండేళ్లలోనూ.