మధ్యలో నరసన్న

పదకొండో నంబరు లోపలికి వెళ్ళగానే నరసన్న అరచేతిలో బాల్‌పెన్నుతో పన్నెండు అని రాసుకున్నాడు. అంతకుముందు రాసుకున్నవన్నీ చెమటకి నీలంగా అలుక్కుపోయి ఉన్నాయి. టోకెన్ల డబ్బా ఎదురుగానే ఉంది, చూసుకుంటే చాలు. కానీ డబ్బా చూసి తలుపు వైపు తిరిగేలోగా అంకె ఎక్కడికో జారిపోతోంది. ఎవరైనా తన చేతి వైపు చూస్తే, దురద పెడుతున్నట్టు గోక్కునేవాడు.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టి, కాస్త వంగిన మెడ, ఇస్త్రీ తప్పని ఖాకీ చొక్కా. బరంపురం బడా బజార్ వెనక సందులో నరాల డాక్టరు దగ్గర ఇరవై రెండేళ్ళుగా పని. పేరుకి అటెండరు, నిజానికి అతని ఉద్యోగమంతా నోటితోనే. డాక్టరు పూర్ణచంద్రగారిది కటక్ వైపు, తెలుగు ముక్క రాదు. సరిహద్దు పల్లెల నుంచి వచ్చేవాళ్ళలో చాలామందికి బస్సు టిక్కెట్టు అడిగేపాటి ఒడియా తప్ప రాదు. అటూ ఇటూ మాట మోయడానికి మధ్యలో నరసన్న.

హుమ్మ ఉప్పు మళ్ళలో తండ్రి వెనక పార పట్టవలసినవాడు, ఒడియా బడిలో నాలుగు తరగతులు చదివిన పుణ్యాన ఈ నీడకి చేరాడు. బుర్రలో తూనీగ తిరుగుతోందని ఒకడూ, నెత్తి మీద చీమలు పాకుతున్నాయని మరొకావిడా చెప్పుకుంటే, ఆ తూనీగనీ చీమల్నీ చెదరకుండా ఒడియాలో పెట్టేవాడు. డాక్టరు దానికి ఇంగ్లీషులో ఒక్క మాట రాసుకునేవాడు. ఇంత గోడు ఒక్క మాటలో ఎలా ఇముడుతుందా అని నరసన్నకి ఇప్పటికీ ఆశ్చర్యమే. తాను లేకపోతే ఆ ఒక్క మాటా పడదని కాస్త గర్వం కూడా.

ఆషాఢం నుంచి తల అదోలా ఉంది. ఒకరోజు సొంత సందు మొదట్లో నిలబడిపోయాడు, ఎటు తిరగాలో తోచక. నీళ్ళ బిందెతో వచ్చిన భార్య నాగశ్రీ చూసింది.

"ఏటలా నిలబడిపోనావు?"

"ఏటీ నేదు. ఎండ."

అప్పుడు వాన పడుతోంది.

డాక్టరుతో చెప్పుకుందామని చాలాసార్లు అనుకున్నాడు. తలుపు దాటితే మూడడుగులు. కానీ నోటితో బతికేవాడు తన నోరే తప్పుతోందని చెప్పుకుంటే ఇంక ఎవరుంచుకుంటారు? ఉద్యోగం పోతుందన్న భయం ఎంతో, సిగ్గూ అంత. రేపు చెబుదామనుకుంటూనే కార్తీకం దాకా లాక్కొచ్చాడు.

పన్నెండో నంబరు కూర్మమ్మ. తొమ్మిదేళ్ళుగా మొగుడు పైడయ్యని మూర్ఛలకి తీసుకొచ్చి చూపించుకునే మనిషి. ఇవాళ ఒక్కతే వచ్చింది. బొట్టు లేదు. నరసన్న అది చూశాడు గానీ, చూసినదేమిటో వెంటనే తలకెక్కలేదు. లోపలికి తీసుకెళ్ళి, ఎప్పటిలాగే బల్ల పక్కన నిలబడ్డాడు. పైడయ్య ఎలా ఉన్నాడని డాక్టరు ఒడియాలో అడిగాడు. నరసన్న ఆ మాట తెలుగులో అన్నాడు.

"పోనాడు అన్నయ్యా. పదకొండో దినం కూడా అయిపోనాది." ఆమె గొంతులో నిష్ఠూరమేమీ లేదు. "మొన్నొచ్చినప్పుడు మీరు సెప్పినారు కదా, మాత్తర్లు ఆపండని. ఆయన ఎంత సంబరపడినాడో. బాగైపోనాదనుకున్నాం. నాలుగో దినం గట్టు మీద పడిపోనాడు, మరి ఫిట్సు ఆగనేదు. నాకు నిద్దర పట్టట్లేదు, దానికేటైనా రాయమనండి."

చేతిసంచిలోంచి మాత్రల షీటు తీసి బల్ల మీద పెట్టింది. "ఇవి మిగిలిపోనాయి. కొనుక్కోనేనోళ్ళకి ఎవరికైనా ఇవ్వండి."

బల్ల మీద పైడయ్య ఫైలు తెరిచి ఉంది. పోయినసారి తేదీ కింద డాక్టరు రాసిన ఇంగ్లీషు మాట నరసన్న గుర్తుపట్టాడు. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్న మాట, కంటిన్యూ. ఆరోజు తానేం చెప్పాడో ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. చేసిన తప్పు కూడా గుర్తులేనందుకు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

డాక్టరు కలం పట్టుకుని ఎదురు చూస్తున్నాడు. ఫిట్సు వచ్చి పోయాడట అని ఊరుకుంటే, ఈ గదిలో ఎవరికీ ఎప్పటికీ తెలియదు. నరసన్న ఊరుకోలేకపోయాడు. డాక్టరు వైపు తిరిగి, బల్ల అంచు పట్టుకుని మొదలుపెట్టాడు.

"సారూ, తప్పు నాది. మీరు ఆపకండి అన్నారు. నేను ఆపండి అనీసినానట. మధ్యలో ఆ 'క' ఎక్కడ పోనాదో నాకు తెల్దు. మీరు సెప్పినంతసేపూ అంతా ఇనిపిస్తాది. ఇటు తిరిగీసరికి సగం ఉండదు. బుర్రంతా పొద్దుటేల ఉప్పు మళ్ళ మీద మంచులాగుంటాది. మనిసున్నాడని తెలుస్తాది, ఎవరో తెల్దు. ఆషాడం నుంచీ ఇంతే. సెప్తే పని పోతాదని సెప్పనేదు."

ఇన్నేళ్ళలో తన గురించి అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. ఛాతీ మీద బరువు కాస్త దిగింది. డాక్టరు మాత్రం అయోమయంగా చూస్తున్నాడు.

"నరసన్నా, ఒడియారె కుహ," అన్నాడు మెల్లిగా, ఒడియాలో చెప్పమని.

అప్పుడు తెలిసింది, తాను మాట్లాడినదంతా తెలుగని. ఒడియాలోనే చెబుతున్నాననుకున్నాడు. గదిలో ఆ మాటలు అర్థమైన మనిషి ఒక్కతే. ఆమె వైపు తిరగడానికి అతనికి ధైర్యం చాలలేదు.

కూర్మమ్మ సంచి మడిచి చంకలో పెట్టుకుని లేచింది.

"తొమ్మిదేళ్ళు నీ నోటి మాట మీదే బతికినాం," అంది. నిద్రకి మందు రాయించుకోకుండానే వెళ్ళిపోయింది.

డాక్టరు ఫైలు వంకా మాత్రల వంకా నరసన్న వంకా చూశాడు. అతని అరచేతిలోని అంకెలు కూడా చూశాడు. లేచి తలుపు దగ్గరగా వేసి, రోగులు కూర్చునే కుర్చీ చూపించాడు. ఎప్పటినుంచి అని అడిగాడు. నరసన్న కూర్చుని నోరు తెరిచాడు. ఒడియా మాట ఒక్కటీ రాలేదు. బయట పదమూడో నంబరు వాళ్ళు తమని ఇంకా ఎవరూ పిలవరేమని అడుగుతున్నారు.

బల్ల మీద పైడయ్య మాత్రల షీటు అలాగే ఉంది, నాలుగు గుంటలు ఖాళీ, ఆరింటిలో మాత్రలు.