పనికి ఎప్పుడు రాగలరు?

పదింటికి ఫోన్ వస్తుందని భృతి ఆఫీసువాళ్ళు చెప్పారు కాబట్టి ఆ రోజు ట్వైలా తన అత్తగారు ఓర్ఫా స్నానం పెందలాడే ముగించింది. స్నానమంటే మంచం మీదే. ఓర్ఫాను ఓ పక్కకి దొర్లించి, వీపు తుడిచి, చర్మం మడతలు పడ్డ చోటల్లా పౌడరు అద్ది, సగం దుప్పటి మార్చి, మళ్ళీ ఇటు దొర్లించి మిగతా సగం. ఒక పక్కంతా పడిపోయిన మనిషి ఎంత బక్కగా ఉన్నా బరువే. "నీళ్ళు చల్లగా ఉన్నాయే అమ్మాయ్," అంది ఓర్ఫా. వేణ్ణీళ్ళు పెట్టినా ఆవిడ ఆ మాటే అంటుంది. పక్షవాతం కాలూ చెయ్యీ లాక్కుంది గానీ నోటి జోలికి పోలేదు. ఆవిడ గదికీ వంటింటికీ మధ్య తలుపు ట్వైలా ఎప్పుడూ మూయదు. ముసలావిడకి పొలమారితే ఉన్నపళాన పరుగెత్తాలి.

ఇదే పని ఊరవతల వృద్ధాశ్రమంలో చేసినన్నాళ్ళూ దాన్ని ఉద్యోగమన్నారు. యూనిఫాం ఇచ్చారు, జీతమిచ్చారు, మధ్యలో టీ తాగడానికి కాసేపు కూర్చోనిచ్చారు. పరాయి తల్లుల్ని తుడిస్తే ఉద్యోగం, మొగుడి తల్లిని తుడిస్తే ఖాళీగా ఇంట్లో ఉండటం. ఆశ్రమం నడిపే కంపెనీ లాభం లేదని దాన్ని మూసేసింది. ముసలివాళ్ళని బస్సుల్లో ఎక్కించి ఎక్కడెక్కడికో పంపారు, ట్వైలాను ఇంటికి పంపారు. అప్పుడు మొదలైంది నిరుద్యోగ భృతి.

అది మొదలైన వారమే చర్చి భోజనాల దగ్గర ఆమె భర్త డెల్బర్ట్ నలుగురి ముందూ జోకేశాడు. "మా దొరసానికి సర్కారు కూర్చోబెట్టి జీతమిస్తోందయ్యా. వచ్చే జన్మలో నేనూ పెళ్ళాన్నై పుడతా." అందరూ నవ్వారు. వాళ్ళకి మొక్కజొన్న రొట్టె వడ్డిస్తూ ట్వైలా కూడా నవ్వింది. నవ్వకపోతే మళ్ళీ అదో మాట, ఈవిడ గారికి వేళాకోళం పనికిరాదని.

కూర్చోబెట్టి ఇస్తారా ఎవరైనా? వారం వారం ఇన్ని చోట్ల ఉద్యోగం అడిగానని చూపించాలి. ఎవరినడిగావు, ఏ రోజు అడిగావు, వాళ్ళేమన్నారు. అడిగేందుకు ఈ కెంటకీ కొండల మధ్య ఏముంది గనక? ఒక పెట్రోలు బంకు, ఒక చవక సరుకుల కొట్టు, పశువుల దాణా దుకాణం, బడి వంటిల్లు. వాటి చుట్టూ గానుగెద్దులా తిరిగింది. చవక కొట్టులో పిల్లయితే ట్వైలా కారు కనబడగానే అరల వెనక్కి తప్పుకునేది. లేదని చెప్పీ చెప్పీ ఆ పిల్లకే సిగ్గేసింది పాపం. ఉద్యోగం లేదని చెప్పించుకోవడానికి మొహం కడుక్కుని, తల దువ్వుకుని, నవ్వు మొహం పెట్టుకుని వెళ్ళడమంటే ఏమిటో డెల్బర్ట్‌కి తెలియదు. గనిలో నడుం పోయిన దగ్గర్నుంచీ అతనికి పింఛను వస్తోంది. ఆ పింఛనుకి అతన్ని ఎవరూ ప్రతివారం బతిమాలుకు రమ్మనలేదు.

అయినా ఆ భృతి ఒక్కటే ఆమె పేరు మీద వచ్చేది. దానితోనే ఆమె పాత కారులో పెట్రోలు పోసేది. కారుంటే కొండ దాటి టౌనుకి వెళ్ళవచ్చు, అక్కడ ఆసుపత్రిలో ఎప్పటికైనా ఓ చోటు దొరకవచ్చు. అది ఆగితే కారు ఆగుతుంది. కారు ఆగితే ఇక ఈ లోయలోంచి తను బయటపడేది లేదని ట్వైలాకు తెలుసు.

భృతి ఆగనే ఆగింది. అదీ స్వయంగా ఆమె చేతులతోనే. వారానికోసారి ఫోన్ చేస్తే ఒక యంత్రం ప్రశ్నలు అడుగుతుంది. ఈ వారం ప్రతిరోజూ పనికి వెళ్ళగల స్థితిలో ఉన్నారా, అని అడిగింది. ఆ వారం ఓర్ఫాకి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి, ట్వైలా ఆసుపత్రి కుర్చీలోనే పగలూ రాత్రీ గడిపింది. అబద్ధమాడితే అన్నం ముట్టనివ్వని తల్లి పెంపకం. లేను అని నొక్కింది. "అందరూ ఉన్నాననే నొక్కుతారు వదినా. నొక్కేముందు నన్నొక్క మాట అడక్కపోయావా," అని డెల్బర్ట్ చెల్లెలు నాడీన్ ఇప్పటికీ దెప్పుతుంది. ఆ చెల్లెలు తల్లిని చూడటానికి ఈస్టరుకొకసారి వస్తుంది.

భృతి ఆపేశారు, ట్వైలా అప్పీలు పెట్టుకుంది. ఉచితంగా సలహా చెప్పే లాయరమ్మ ఫోన్లో విడమరిచి చెప్పింది. తేలాల్సింది ఒక్కటే సంగతి: రేపు ఉద్యోగం దొరికితే ఇంట్లో ముసలావిడని చూసుకునే మనిషి వేరే ఉన్నారా? ఉన్నారని మీ ఆయనతో చెప్పించండి చాలు, అంది. ట్వైలా డెల్బర్ట్‌కి అన్నం పెట్టేటప్పుడు చెప్పింది, పడుకునేటప్పుడు చెప్పింది. "నేను చూసుకుంటా అను. ఇంకేం అనొద్దు." అతను ఊఁ కొట్టాడు. "నేను చూసుకుంటాగా నీకెందుకు," అన్నాడు.

ఫోన్లో విచారణే అయినా డెల్బర్ట్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఇస్త్రీ ఎవరు చేశారో చెప్పక్కర్లేదు. వంటింటి బల్ల మీద ఫోన్ పెట్టి, ఇద్దరికీ వినపడేలా చేసి కూర్చున్నారు. తెరిచిన తలుపు అవతల ఓర్ఫా రేడియో చిన్నగా మోగుతోంది. విచారణాధికారి కూడా ఆడమనిషే. అలిసిపోయిన మర్యాద ఉంది ఆ గొంతులో. ఇద్దరిచేతా ప్రమాణం చేయించి, ట్వైలాను ఉద్యోగాల సంగతి అడిగింది. తిరిగిన చోట్లన్నీ ట్వైలా తడబడకుండా చెప్పింది. తర్వాత డెల్బర్ట్ వంతు వచ్చింది. అతను లేచి నిలబడ్డాడు.

అలా నిలబడటం ఎందుకో ట్వైలాకు తెలుసు. వాళ్ళ చర్చిలో ఒక అలవాటుంది. ఎవరికైనా కష్టమొస్తే తక్కినవాళ్ళు ఒక్కొక్కరే లేచి, ఆ మనిషిలో తాము చూసిన మంచి చెబుతారు. ఎంత మంచి చెబితే దేవుడి దగ్గర అంత బలం. డెల్బర్ట్ ఇన్నేళ్ళలో ఎవరి కోసమూ లేచిన పాపాన పోలేదు. ఇవాళ పెళ్ళాం కోసం లేచాడు.

"అమ్మా, నా భార్య లాంటి మనిషి ఈ కొండల్లో లేదండీ," అని మొదలుపెట్టాడు. తల్లి మంచాన పడి ఇన్ని నెలలైనా ఆవిడ వీపు మీద ఒక్క పుండు లేదని, డాక్టరే ముక్కు మీద వేలేసుకున్నాడని చెప్పాడు. రాత్రిళ్ళు లేచి పక్కకి తిప్పుతుంది. మెత్తగా నలిపి ముద్దముద్దా తినిపిస్తుంది. తను చన్నీళ్ళు పోసుకుని వేణ్ణీళ్ళు అత్తగారికి ఉంచుతుంది. పండగకీ పబ్బానికీ కూడా ఒక పూటకి మించి ఇల్లు వదలదు. చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

ట్వైలా అతని చొక్కా కొస పట్టి లాగింది, అతను చూడలేదు. ఒక్కొక్క మాటతో తన అప్పీలుకి తన మొగుడే గొయ్యి తవ్వుతున్నాడని ఆమెకు తెలుస్తూనే ఉంది. కానీ ఆమె కడుపు మండింది దానికి కాదు. చన్నీళ్ళ సంగతి అతనికెలా తెలుసు? రాత్రి లేవడం అతనికెలా తెలుసు, గురక పెడుతూ పడుకుంటాడు కదా? మగవాడు, కంటికి ఆనలేదేమో అనుకుని ఇన్నాళ్ళూ సరిపెట్టుకుంది. పొద్దస్తమానం నీకేం పని అన్నప్పుడు కూడా, పాపం తెలియక అంటున్నాడులే అనుకుంది. తెలుసట. అన్నీ చూశాడట. చూసి, దుప్పటి పైకి లాక్కుని అటు తిరిగి పడుకున్నాడట.

"మంచిదండీ," అంది అధికారి. "సోమవారం ఆవిడకి ఉద్యోగం వస్తే మీ అమ్మగారిని ఎవరు చూసుకుంటారు?"

డెల్బర్ట్ నవ్వేశాడు. "ఎవరేమిటండీ, ట్వైలానే. మగాణ్ణి, నేను చేసే పనా అది? మా అమ్మ సిగ్గుతో చచ్చిపోదూ."

అధికారి గొంతు ఇంకాస్త మెత్తబడింది. "ట్వైలా గారూ, మీ భర్త చెప్పింది నిజమేనా? దీనికి మీరు జవాబు చెప్పుకోవచ్చు."

కాదనవచ్చు. ఆయనకి మాట్లాడటం రాదండీ, మేం వేరే ఏర్పాటు చేసుకున్నాం అనవచ్చు. లాయరమ్మ అయితే అదే అనమనేది. ఏ ఏర్పాటు? ఇంట్లో ఉన్న ఏర్పాటు తనొక్కతే. పైగా పెళ్ళయిన ఇన్నేళ్ళకి తను చేసిన చాకిరీ ఒక్కసారి, సర్కారు మనిషి ముందు, ప్రమాణం చేసి పలికారు. దాన్ని అబద్ధమని తన నోటితో తనే కొట్టిపారెయ్యాలా?

"నిజమేనండీ," అంది ట్వైలా. "ఒక్క మాట కూడా అబద్ధం కాదు."

"మరి మీరు పూర్తికాలం పనికి ఎప్పటినుంచి రాగలరు?"

సోమవారం నుంచి అని ఆమె నేర్చుకుంది. అంట్లు తోముతూ, కారు నడుపుతూ వల్లించింది. తీరా నోరు తెరిస్తే ఆ మాట రాలేదు.

"మా అత్తగారు పోయాక," అంది.

తీర్పు పోస్టులో వస్తుందని, సెలవని చెప్పి అధికారి ఫోన్ పెట్టేసింది. డెల్బర్ట్ చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ, చూశావా ఆవిడ ఎంత మెత్తబడిందో, గెలిచేశాం పో, అన్నాడు. చివర్లో నువ్వు ఆ మాట అనకుండా ఉండాల్సిందని కూడా అన్నాడు. నాడీన్‌కి చెప్పాలని ఫోన్ తీసుకుని అరుగు మీదికి వెళ్ళిపోయాడు.

ట్వైలా తెరిచి ఉన్న తలుపు వైపు చూసింది. లోపల రేడియో ఎప్పుడు ఆగిందో ఆమె గమనించలేదు. అత్తగారిని పక్కకి తిప్పే వేళయింది. లేచి వెళ్ళింది. ఓర్ఫా కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ట్వైలా ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టి గోడ వైపు తిప్పింది. వీపు వెనక దిండు సర్దింది. క్షమించమని అడగబోయి, దుప్పటి భుజం దాకా లాగింది.

"తేదీ ఏమన్నా అడిగిందా ఆ ఫోన్లో ఆవిడ?" అంది ఓర్ఫా, గోడకేసి చూస్తూనే.

"లేదత్తయ్యా."

ముసలావిడ దిండు మీదున్న ట్వైలా చేతిని తన మంచి చేత్తో తడిమి పట్టుకుంది.

"నేనూ ప్రయత్నం చేస్తూనే ఉన్నానే, ట్వైలా," అంది.