తెలియదన్న మనిషి తరఫున

"పుస్తకాలు చదివి ఎవర్ని ఉద్ధరిస్తావ్ గానీ, ముందు నా చొక్కా ఇస్త్రీ చెయ్యి," అన్నాడు మా ఆయన. చేశాను. వారమంతా ఫ్యాక్టరీలో ఊళ్లోవాళ్ల చొక్కాలు కుట్టేదాన్ని, సెలవునాడు ఇంట్లో చొక్కా తప్పుతుందా? అత్తగారికి మందులిచ్చి, "మహారాణిగారు మీటింగులకు బయల్దేరింది" అన్న ఆవిడ మాట వినపడనట్టు చెప్పులేసుకుని లైబ్రరీకి పరిగెత్తాను.

మా పుస్తక బృందమంతా కలిపి నలుగురం: లైబ్రేరియనమ్మ, రిటైరైన టీచరమ్మ, ఒక నర్సు, నేను. ఈసారి చదివింది పాతకాలం నవల. లాండ్రీలో పక్కపక్కన పనిచేసే ఇద్దరు స్నేహితురాళ్లు. హక్కుల కోసం ఊరేగింపులో నడిచిందని ఒకామెను పోలీసులు పట్టుకెళ్తారు. రెండో ఆమె కోర్టులో "ఈమె ఎవరో నాకు తెలియదు" అనేస్తుంది.

"ఛీ, అదేం మనిషి! నాకు దొరికితే చెవి మెలిపెట్టేదాన్ని," అంది టీచరమ్మ.

"రిటైరై ఆరేళ్లయింది, ఇంకా చెవులు వదల్లేదా మీరు?" అని నర్సు నవ్వింది.

చివర్లో ఒక్కొక్కరం ఒక్కో పాత్ర తరఫున మాట్లాడటం మా అలవాటు. చీటీ తీస్తే నాకు ఆ తెలియదన్న మనిషే వచ్చింది. లేచి నిలబడ్డాను.

"తను నాకు తెలుసు. పదకొండేళ్లు పక్క మిషనే. ఒకే డబ్బాలో తిన్నాం. మా వరసలోనే కుట్టే, కడుపుతో ఉన్న ఒక పిల్ల కళ్లు తిరుగుతున్నాయన్నా సూపర్‌వైజరు కూర్చోనివ్వలేదు. పిల్ల పడిపోయింది. ఇదేం న్యాయమని అడిగింది తనొక్కతే. అడిగినందుకు తన మీద ఫ్యాక్టరీవాళ్లు పెట్టిన విచారణలో నన్ను పిలిస్తే, సూదికి దారం ఎక్కిస్తున్నాను, చూడలేదన్నాను. 'నీ ఉద్యోగం ఊడితే ఇంట్లో నీ మొహం చూస్తూ కూర్చోవాలా?' అన్నాడు ముందురోజు మా ఆయన. తనని తీసేశారు."

"పుస్తకంలో కుట్టు మిషనెక్కడిదమ్మా? అది లాండ్రీ..." అంటూనే టీచరమ్మ నా మొహం చూసి ఆగిపోయింది. "ఇందాక నేనన్న మాట..." అంది నెమ్మదిగా.

"వెనక్కి తీసుకోకండి మేడమ్. నాలుగేళ్లుగా ఎవరైనా అంటారేమోనని చూస్తున్నాను. తను అనదు. బజార్లో ఎదురైతే, పిల్లలు బాగున్నారా అని అడుగుతుంది."

పనిలోంచి తీసేసినందుకు తను వేసిన కేసు ఇంకా కోర్టులో నానుతూనే ఉంది. సోమవారం వాయిదా. సాక్షులుంటే అదే ఆఖరి అవకాశమట. నిజం చెబితే నా పనీ పోతుంది. ఆ తర్వాత ఇంట్లో పడాల్సిన మాటలు నాకు ఇప్పుడే వినపడుతున్నాయి.

బయటికొచ్చి, మా వీధి మలుపు దాటి తన ఇంటివైపు నడిచాను. తను తలుపు తీస్తుంది. నాకు భయం అదే. తీసి, రా లోపలికి అంటుంది, మంచినీళ్లిస్తుంది. ఆ గ్లాసు అందుకోకముందే చెప్పేయాలి, సోమవారం నేనూ వస్తున్నానని. నాలుగేళ్లుగా ఆ కోర్టు బల్ల మీద తనొక్కతే కూర్చుంటోంది.