నీళ్లు పడే పాట

జెస్సీ మొగుడు శ్యాంసన్ పదిమందిలో నోరు తెరిచి పాడిన మనిషి కాదు. మందిరంలో అందరూ కీర్తన అందుకుంటే, పెదవులు కదిలించి ఊరుకునేవాడు. అట్లాంటి మనిషి గుండె ఆగి పోతే, ఆదరణ కూడికలో పాడించడానికి ఆయనకిష్టమైన పాటేదో చెప్పమని పాస్టరు కబురు చేశాడు. పుల్లలచెరువు పక్కన ఆ ఊళ్లో అది ఆనవాయితీ. ప్రార్థనలూ వాక్యమూ పాస్టరు చూసుకుంటాడు, ఆ ఒక్క పాట మాత్రం ఇంటివాళ్లే చెప్పాలి. దాంతోనే పోయినవాళ్లను దేవుడికి అప్పజెబుతారు.

“ఏదో ఒక కీర్తన చెప్పు తల్లీ. వాడేమన్నా లేచొచ్చి కాదంటాడా,” అంది అత్త యేసుమణి.

“కాదనలేడనే గదత్తా నా బాధ,” అంది జెస్సీ.

శ్యాంసన్‌కి ఇష్టమైన పాటలు లేక కాదు. ఆయన బోరుబండి మీద పని చేసేవాడు. ఎప్పుడో మార్కాపురంలో పాత ఫోను కొంటే, అందులో ఎవరిదో మెమరీ కార్డు ఉండిపోయింది. దాన్నిండా ఒకటే బ్యాండు, ఏ దేశానిదో ఏమో, హెవీ మెటల్ అంటారట. జుట్లు విరబోసుకుని గొంతులు చించుకునే మగవాళ్లు. ఇంకొకరైతే ఆ పూటే తుడిచేసేవాళ్లు. ఈయన మాత్రం వాళ్లకు దాసోహమైపోయాడు. “కంప్రెసర్ రొదలో సినిమా పాట వినపడదే, వీళ్లది వినపడతది,” అనేవాడు. వాళ్ల అసలు పేరు పలకడం రాక ‘మా బోరుబండోళ్లు’ అని ముద్దుపేరు పెట్టుకున్నాడు. ఆ అరుపులకు మేకలు బెదురుతున్నాయని జెస్సీ సాధించని రోజు లేదు.

ఒకసారి అన్నం తింటూ అన్నాడు. “వీటన్నిట్లో ఒకటుందే, నీళ్లు పడే పాట. అదొక్కటుంటే నాకు చాలు.” ఏదది అని ఆమె అడగలేదు. ఇప్పుడు చూస్తే కార్డులో పాటలకు పేర్లయినా లేవు, వట్టి అంకెలు.

బండి డ్రైవర్ అల్తాఫ్‌ని అడిగితే చిటికెలో చెబుతాడు. కానీ మొగుడికి ఏ పాటంటే ప్రాణమో ఇంకొకరిని అడగడమేంది? ఇన్నేళ్లు కాపురం చేసి ఆ మాత్రం తెలియకపోతే తనెందుకు? అడగనుగాక అడగను అనుకుంది. పొద్దున్నే మేకల కొట్టం పక్కన మంచం వాల్చుకుని, ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని కూచుంది.

మొదట్లో అన్నీ ఒకటే గోల. తల పగిలిపోయేట్టుంది. పట్టు విడవకుండా వినగా వినగా ఒకదానికీ ఇంకోదానికీ తేడా తెలిసింది. అయినా నీళ్ల జాడ లేదు. ఎండ మంచం మీదికొచ్చింది. ఆయన మనసు తెలుసుకోకుండానే ఇన్నేళ్లూ గడిపేశానేమోనన్న దిగులు పట్టుకుంది.

అప్పుడొక పాట మెల్లగా, రాయి నూరుతున్నట్టు మొదలైంది. వింటుంటే తమ వీధిలో బోరు వేసిన రోజు కళ్లముందుకొచ్చింది. పొద్దుటి నుంచీ తెల్లటి దుమ్మే లేస్తోంది, వీధంతా నిలబడి చూస్తోంది. ఉన్నట్టుండి బండి రొద గొంతు పట్టేసినట్టు ఆగింది. శ్యాంసన్ ఆ దుమ్ములోకి చెయ్యి చాపాడు. మరుక్షణం నీళ్లు ఎగజిమ్మి అరచేతిలో పడ్డాయి. ఉప్పో తీపో తెలియడానికి మొదటి నీళ్లు నాలుకకు తగిలించి చూడటం బోరుబండి వాళ్లందరికీ అలవాటు. ఆయన చూసి, అందరి ముందే వచ్చి, ఆ తడి చెయ్యి జెస్సీ నోటికి అందించాడు.

పాటలో డ్రమ్ములు టక్కున ఆగిపోయాయి. ఊపిరి బిగబట్టినంత సేపు ఏమీ లేదు. తర్వాత అన్నీ కలిసి ఒక్కసారిగా ఎగజిమ్మాయి. జెస్సీ ఇయర్‌ఫోన్లను చెవులకు అదిమి పట్టుకుంది. ఇన్నాళ్లూ తను అరుపులని తిట్టింది దీన్నా? ఇంత పెద్దది ఇంట్లో ఉంటే వినపడలేదే తనకు, అని బిత్తరపోయింది.

“ఇంగ్లీషు పాటా అమ్మా? అర్థమేంది?” అన్నాడు పాస్టరు మధ్యాహ్నం, షామియానా కింద.

“అర్థం నాకు తెలవదయ్యగారూ. దాంట్లో నీళ్లు పడతాయి.”

పాస్టరు ఆమె ముఖంలోకి చూసి, మైకు తెచ్చి ఫోను దగ్గర పెట్టాడు.

పాట మొదలైంది. పిల్లలు చెవులు మూసుకున్నారు. ఎవరు నవ్వుతారోనని జెస్సీ తల దించుకుంది. ముందు వరసలో ముసలి జ్ఞానమ్మ గాయకుడి గొంతుకు చెవి ఒగ్గి విన్నది.

“ఎన్ని దినాలు ఉపవాసముండి మొరపెట్టినాడో, గొంతంతా పోయింది బిడ్డకి,” అని కళ్లు తుడుచుకుని, “ఆమేన్,” అంది. వెనక వరసల వాళ్లూ ఆమేన్ అన్నారు. జెస్సీకి నవ్వు రాలేదు. ఆమె అన్నది నిజమేననిపించింది.

డ్రమ్ములు ఆగిపోయాయి. జెస్సీ తలెత్తింది. చివర్న గుంజ పక్కన అల్తాఫ్ నిలబడి ఉన్నాడు. ఏ పాట పెడతారో అతనికెవరూ చెప్పలేదు. కళ్లు మూసుకుని ఉన్నాడు, కుడిచెయ్యి దానంతటదే ముందుకు వచ్చింది, అరచెయ్యి పైకి. పాట ఎగజిమ్మింది. అతను ఆ చెయ్యి నోటి దగ్గరకు తీసుకుపోయాడు.

అప్పటిదాకా కన్నీటి చుక్క రాల్చని జెస్సీ అప్పుడు ఏడ్చింది. పాట అయ్యాక కొంగుతో ముఖం తుడుచుకుని అతని దగ్గరకు పోయింది.

“ఎట్లున్నాయన్నా నీళ్లు?” అని అడిగింది.

అల్తాఫ్ తన పొడి అరచెయ్యి చూసుకున్నాడు.

“తియ్యగున్నాయమ్మా,” అన్నాడు.