సొంతింటి ఉదాహరణలు

పొద్దున్నే గిన్నెలు తోమేసి కోడలు వంటింటి గట్టు మీద పుస్తకం తెరిచిందంటే, ఇంట్లో ఏదో ఒకటి పాడవడానికి వేళయిందన్నమాటే.

ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగానికి పరీక్ష రాస్తోందామె. నష్టాలకూ నేరాలకూ ఇంగ్లీషులో ఉన్న మాటలు అరవై నేర్చుకోవాలి, ఒక్కోదానికీ ఒక సొంత వాక్యం రాయాలి. "మీ ఇంటి మీదే రాయండి, బుర్రకెక్కుతుంది" అన్నారు ట్యూషన్ మేడమ్. బుర్రకెక్కడం మాట అటుంచి, రాసిందల్లా జరిగిపోయేది. 'మా బకెట్ లీకవుతోంది' అని చుక్క పెట్టేసరికి బకెట్ అడుగునుంచి ధార కట్టింది. 'థెఫ్ట్' వచ్చిన రోజు అత్తగారు పక్కింటి బట్టల క్లిప్పు ఒకటి కొంగున కట్టుకొచ్చి, సాయంత్రం దాకా గడప దాటలేదు.

అత్తగారికి ఇందులో వింతేమీ కనబడలేదు. ఒళ్లుమంట మాత్రం బాగానే ఉండేది. "కొంపంతా చదివేస్తోంది. ఇదుగో, రాస్తే ఈ చీపురు మీద రాసి ఏడువు" అంటూ పాతదేదో ముందుకు తోసేవారు.

అసలు గుట్టు పక్కింటావిడ విప్పింది. "మీ బకెట్ కారడం మొదలెట్టగానే మాది మానేసిందండీ!" అంది గోడ మీదుగా, లాటరీ తగిలినట్టు. ఆ పూట పక్కింటి బకెట్ చప్పుడే చెవిలో పెట్టుకుని రాసింది మరి కోడలు. అంటే ఆమె వాక్యం కొత్త నష్టాన్ని పుట్టించదు, మనసులో ఎవరుంటే వాళ్ల దగ్గరున్న నష్టాన్ని లాక్కొస్తుంది. ఆ మర్నాటినుంచి గోడ మీద తలలు పెరిగాయి. "మా వాడి లాగు చిరిగిందమ్మా, ఆ పాఠం ఎప్పుడు?"

ఇలా ఉండగా ఒకరోజు పన్నెండింటికి భర్త ఫోన్ చేశాడు. ఇళ్లు మారేవాళ్ల సామాను చేరవేసే కంపెనీలో పని అతనిది.

"పెట్టెలో గలగలమంటోందోయ్."

"ఏ పెట్టెలో?"

"నిలువుటద్దం. నిలబెట్టే తీసుకెళ్లాలి. సోఫా పట్టలేదని పడుకోబెట్టాను."

"దానికేమైనా నిద్రొస్తోందని చెప్పిందా?"

"వేళాకోళం వద్దే. నాలుగింటికి ఆ సామాను గలావిడ ముందే పెట్టె సీలు తియ్యాలి. నా చేతిలో పగలడం ఇది మూడోసారి. ఇక నన్ను ఉంచరు."

కోడలు గబగబా కాగితం తీసి 'మా గ్లాసు క్రాకయింది' అని రాసింది. గ్లాసు టప్పుమంది. "ఇప్పుడు ఊపి చూడండి" అంది ఫోన్లో.

"గలగలలో ఒక గల తగ్గింది, అంతే."

గ్లాసుకు గ్లాసంత నష్టమే పడుతుంది కదా! నిలువుటద్దమంత నష్టం పట్టే వస్తువు ఇంట్లో ఒక్కటే ఉంది, అత్తగారి బీరువా అద్దం. మామగారు భుజాన మోసుకొచ్చింది. దానిమీద వేలిముద్ర పడితే ఆ రోజు ఇంట్లో అన్నాలుండవు. కోడలు బీరువా వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడింది.

"గోడకేసి ఏం చూస్తావు? విన్నాన్లే" అన్నారు అత్తగారు. కొంగుతో అద్దాన్ని పైనుంచి కిందిదాకా తుడిచారు. ఎదురుగా నిలబడి జుట్టు సవరించుకున్నారు. కాసేపు అలాగే చూసుకున్నారు. తర్వాత కలం తెచ్చి కోడలి చేతిలో పెట్టారు.

"రాయి."

"అత్తయ్యా..."

"మావాడి మీదే మనసుంచి రాయి. తప్పుల్లేకుండా రాయి. ఒక్క అక్షరం పోయిందో, నీ పని చెప్తా."

కోడలు భర్తనే తలుచుకుంటూ 'మా బీరువా అద్దం పగిలింది' అని రాసింది. చుక్క పెట్టగానే బీరువా అద్దం నిలువునా చీలింది.

నాలుగయింది. నాలుగుంపావయింది. ఇద్దరూ ఫోన్‌ను మధ్యలో పెట్టుకుని పాలపొంగు కాపలా కాస్తున్నట్టు కూర్చున్నారు. చివరికి మోగింది.

"సీలు తీశాం. ఒక్క గీత లేదు! ఆవిడ అద్దంలో చూసుకుని, 'దారిలో నేను లావెక్కానా?' అని మాత్రం అడిగింది."

"వెధవా, ఇంటికి రా, నీ సంగతి చూస్తాను" అని ఫోన్ పెట్టేసి, అత్తగారు మంచం మీద కూలబడి పగలబడి నవ్వారు. చీలిన అద్దంలో ఇద్దరు అత్తగార్లు నవ్వారు. ఒక్కరితోనే వేగలేకపోతున్న కోడలు ఆ ఇద్దర్నీ చూసి, ముగ్గురితోనూ కలిసి నవ్వింది.