మాస్కక్క నవ్వు

కుర్చీలో పడుకున్న బట్టల షాపు సేల్స్‌మన్ పెదాలకు ప్లాస్టిక్ క్లిప్పు తగిలించి, చిగుళ్ళ అంచున నీలం పూతను సన్నగా గీసి, లైటు పట్టి గట్టిపరుస్తోంది మాస్కక్క. శనివారం పొద్దున మొదటి కేసు. ఇరవై ఏడేళ్ళుగా ఈ పళ్ళాస్పత్రిలో ఇదే పని, చెయ్యి వణకదు. ఇవాళ మాత్రం కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

"పళ్ళు తెల్లబరచడమంటే గోడకి సున్నం కొట్టడం కాదు తమ్ముడూ. ఈ జెల్లులో మందు పంటి లోపలికి దిగి, అక్కడ పట్టేసిన రంగుని ముక్కలు ముక్కలు చేస్తుంది. చిగుళ్ళు మండకుండా ఈ పూత. నువ్వు కట్టించుకున్న ఆ తొడుగు పన్ను మాత్రం రంగు మారదని ముందే చెప్పా, తర్వాత నాతో పోట్లాటకి రాకు."

నోరు బార్లా తెరిచి ఉన్నవాడు ఏం పోట్లాడతాడు! కళ్ళతోనే సరేనన్నాడు.

ఆమె మాస్కు తీయగా చూసినవాళ్ళు లేరు, మొహంలో కింది సగం అక్కడ ఎవరికీ సరిగా తెలియదు. అందుకే ఆ పేరు. సాయంత్రం టీ కూడా కౌంటరు చివర గోడ వైపు తిరిగే తాగుతుంది. రంగు పోల్చుకునే షేడ్ గైడులో తెల్లటి దాన్నుంచి ముదురు పసుపు దాకా వరసగా పదహారు నమూనా పళ్ళుంటాయి. చేరిన ఏడాదే, ఎవరూ లేనప్పుడు, అద్దం ముందు పోల్చి చూసుకుంది. ఆమెది పదిహేనోది. దీపం కింద చీకటి అంటే ఇదే. పెళ్ళి ఫోటోలోనూ పెదాలు బిగించే ఉంది. "ఆ రోజు నీకు నేను నచ్చలేదనుకున్నా" అని మొగుడు ఇప్పటికీ ఏడిపిస్తాడు.

సోమవారం నుంచి ఆమె డెంటల్ అసిస్టెంట్ల శిక్షణ స్కూల్లో టీచరు. నలభై మంది అమ్మాయిల ముందు, మాస్కు లేకుండా, నోరు తెరిచి పాఠం చెప్పాలి. ఇంటర్వ్యూలో జలుబని అబద్ధమాడి మాస్కుతోనే గట్టెక్కింది కానీ, జలుబు ఏడాది పొడుగునా ఉండదు కదా! అందుకే తన పళ్ళూ తెల్లగా చెయ్యమని వారం కిందట డాక్టరమ్మను అడిగేసింది.

"ఇన్నేళ్ళూ అడగలేదేంటక్కా?"

"అడగాలంటే నోరు తెరవాలిగా అమ్మా!"

మధ్యాహ్నం ఆమే ఆ కుర్చీ ఎక్కింది. పడుకుంటే సీలింగు మీద పొడుగాటి పగులు కనబడింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ చూడలేదు. పావుగంట చొప్పున మూడు సార్లు జెల్లు పెట్టారు. మూడోసారి ముందు పళ్ళు జివ్వుమన్నాయి. పంటి బిగువున ఓర్చుకుందామంటే నోరు మూసే వీలు లేదు.

క్లిప్పు తీయగానే డాక్టరమ్మ గైడు పట్టుకుని గెంతినంత పని చేసింది. "అక్కా! ఏడో నంబరు! ఎనిమిది మెట్లు!"

మాస్కక్క వేలెత్తింది. "అవి ఎండిన పళ్ళమ్మా. ఎండితే అందరివీ ముత్యాలే. తడి పట్టాక కాస్త తగ్గుతుంది, రెండ్రోజులాగి చూడాలి. మర్చిపోయారా?"

డాక్టరమ్మ నాలిక్కరుచుకుంది. కొత్తలో ఒకావిడకి ఇలాగే తొందరపడి నంబరు చెప్పేస్తే, ఆవిడ మూడో రోజు వచ్చి ఆస్పత్రి పైకప్పు లేపేసింది. అప్పుడు ఈ సంగతి నేర్పింది మాస్కక్కే.

"రెండ్రోజులకి మీరిక్కడ ఉండరుగా! మరి మీ కేసు కాగితంలో చివరి రంగు నంబరు గళ్ళో ఏం రాయను?"

"సోమవారం వచ్చి వెనక బెంచీలో కూచోండి. నేను నవ్వుతా, మీరు రాసుకోండి."

అప్పుడు అద్దం అందుకుంది. చూసింది. మెట్టో రెండు మెట్లో తగ్గినా సరే, ఇవి తన పళ్ళే. నవ్వొచ్చింది. అలవాటుగా చెయ్యి నోటి దాకా లేచి, మధ్యలోనే ఆగిపోయింది. ఆమె గట్టిగా, గది దద్దరిల్లేలా నవ్వింది. డాక్టరమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

నాలుగున్నరకు రోజూలాగే టీ వచ్చింది. రెండ్రోజులు టీ కాఫీలు ముట్టకూడదని వేలమందికి చెప్పిన మనిషి! వాసన ఒక్కటి గట్టిగా పీల్చుకుని, సంచీ భుజాన వేసుకుని, మాస్కు లేకుండానే బయటికి నడిచింది.

పద్నాలుగేళ్ళుగా గేటు తీస్తున్న వాచ్‌మన్ ఆమెకు దారిచ్చి, మర్యాదగా అడిగాడు. "మా మాస్కక్కకి ఇవాళ ఆఖరి రోజండీ. లోపలే ఉందా?"

"వెళ్ళిపోయిందయ్యా" అని పళ్ళన్నీ కనబడేలా నవ్వి, రోడ్డు దాటేసింది.

లోపల కౌంటరు చివర, గోడ పక్కన, ఆమె గ్లాసులో టీ మీగడ కట్టి అలాగే ఉంది.