చెక్క పట్టుకునే మనిషి

"లచ్చీ, ఒకపాలి ఇలగొచ్చి ఈ సెక్క పట్టుకోయే!"

చిన్నారావుకు వారపు సెలవు వచ్చిన రోజున, సరిగ్గా అన్నం ఉడుకు పట్టే వేళకే ఈ పిలుపు వినబడేది. ఒకపాలి అంటే ఒక్కసారి అనుకునేరు. అది పొద్దున్న తొమ్మిదికి మొదలై మధ్యాహ్నం మూడింటిదాకా సాగే ఒకపాలి. ఆయన భార్య సత్యలక్ష్మి గంజి వార్చి, చేతులు కొంగుకు తుడుచుకుని వెనక వరండాలోకి వెళ్లేది. అక్కడ రెండు ఎత్తు పీటల మీద చెక్క పడుకుని ఉండేది. దానికి అటు పక్క రంపంతో ఆయన, ఇటు పక్క తన రెండు చేతులతో, ఎడమ పాదంతో ఈవిడ.

చిన్నారావు వడ్రంగి కాదు. రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో ఆపరేటరు. బొబ్బిలి పక్కనుంచి భిలాయి వచ్చి, సెక్టర్ ఆరులో క్వార్టరు దొరికాక ఆయనకు ఈ పిచ్చి పట్టుకుంది. ప్లాంటు కోసం రష్యా నుంచి యంత్రాలు పెద్ద పెద్ద చెక్కపెట్టెల్లో వచ్చేవి. పెట్టెలు విప్పాక ఆ చెక్క ఉద్యోగులకు దక్కేది. తెల్లటి, మెత్తటి చెక్క. చిత్రిక పడితే ఇల్లంతా తియ్యటి బంక వాసన. ఆ రోజుల్లో సెక్టర్‌లో ఎవరింటికి వెళ్లినా ఏ మంచం కిందో, ఏ బల్ల వెనకో అర్థంకాని నల్ల అక్షరాలు కనిపించేవి. చిన్నారావు చేసిన అలమరలో అయితే అవి సరిగ్గా మధ్య అరలోనే ఉండేవి. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ "వాహ్ భయ్యా, క్యా హాథ్ హై!" అని ఆయన చేతిని మెచ్చుకునేవారు. ఆయన మీసం సవరించుకుంటూ చిరునవ్వు నవ్వేవాడు. పొట్టు ఊడ్చి, మేకులు ఏరి, టీ పెట్టి తెచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి తనూ నవ్వేది. ఆ హాథ్‌లలో రెండు తనవి కూడా అన్న సంగతి అప్పటికి ఆవిడకే తట్టలేదు.

పట్టుకోవడం ఏమంత పని అనిపించవచ్చు. పట్టుకుని చూస్తే తెలుస్తుంది. చెక్క వణికితే గీత తప్పుతుంది, గీత తప్పితే ఆయనకు కోపం వస్తుంది. అందుకని గీతకు దగ్గరగా, రంపానికి జానెడు దూరంలో చేతులు నొక్కి ఉంచాలి. ఊపిరి కూడా మెల్లగా తీసుకోవాలి. ముక్కులో పొట్టు పడినా తుమ్మకూడదు. మూడేళ్లలో ఆవిడ చూపుడువేలి గోరు సుత్తి దెబ్బకు రెండుసార్లు నల్లబడి ఊడింది. అరచేతిలో విరిగిన పేళ్లు ఒకటి రెండు అక్కడే కాపురం పెట్టాయి. గాయమైనప్పుడల్లా అత్తగారు అప్పయమ్మ వంటింట్లోంచే పసుపు డబ్బా చూపించేది. "ఆడదాని సేతికి దెబ్బేటే? కూర తరిగితే తెగదేటి? పసుపెట్టి ఒగ్గీయ్. అన్నం మాడతంది సూడు." ఒకసారి చిన్నారావు వేలికి ఉలి గీసుకుంటే మాత్రం ఆవిడే మూడు రోజులు అన్నం కలిపి పెట్టింది, కొడుకు యుద్ధంలో గాయపడి వచ్చినట్టు.

"దీన్ని బిగించడానికి సామానేదీ ఉండదేటండి?" అని సత్యలక్ష్మి మొదట్లో ఓసారి అడిగింది కూడా.

"నువ్వుండగా అదెందుకే నాకు?" అన్నాడాయన.

ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్లలో ప్రేమే ఉంది. ఈవిడ సిగ్గుపడి నవ్వింది. అలా నవ్వినందుకే తర్వాత తనమీద తనకు ఎంత ఒళ్లు మండిందో చెప్పలేం.

ఆ ఏడాది మిల్లులో భద్రతా వారం జరిపారు. ఉపన్యాసాల పోటీ పెట్టారు. చిన్నారావు పదిహేను రోజులపాటు ఇంట్లో నిలువుటద్దం ముందు హిందీలో సాధన చేశాడు. ఒకటో సూత్రం, కాళ్లకు బూట్లు. రెండో సూత్రం, నెత్తిన టోపీ. మూడో సూత్రం, పని మొదలెట్టే ముందు వస్తువును నాలుగు వైపులా చూసుకోవడం. నాలుగోది ఆయనకు బాగా ఇష్టమైంది. గొంతు పెంచి, చెయ్యెత్తి చెప్పేవాడు. "భాయియో! ఆద్మీ కా హాథ్ శికంజా నహీ హై!" అన్నదమ్ములారా, మనిషి చెయ్యి శికంజా కాదు అని. శికంజా అంటే మర తిప్పితే రెండు దవడల మధ్య వస్తువును కదలకుండా పట్టే ఇనుప సామాను. హిందీ అంతంతమాత్రంగా వచ్చే సత్యలక్ష్మికి కూడా ఆ ఉపన్యాసం కంఠతా వచ్చేసింది. పోటీలో ఆయనకే మొదటి బహుమతి వచ్చింది, స్టీలు టిఫిన్ క్యారియరు. అది పట్టుకుని సైకిలు మీద ఇంటికి వస్తుంటే పక్క క్వార్టరు జోగమ్మ కూడా బయటికొచ్చి చూసింది.

మర్నాడే ఆయనకు సెలవు. లుంగీ ఎగగట్టి, చెప్పుల్లేకుండా, బీరువా తలుపుకు చెక్క కోస్తూ కూర్చున్నాడు. సత్యలక్ష్మి పట్టుకుంది. చెక్క లోపల పాత పెట్టె మేకు విరిగి ఉండిపోయింది. పైకి కనబడలేదు, ఎవరూ చూడనూ లేదు. రంపం దానికి తగిలి కీచుమంది, ఒక్క గెంతు గెంతి వచ్చి ఆవిడ ఎడమ బొటనవేలి మొదట్లో దిగింది.

నెత్తురు ఆ నల్ల అక్షరాల మీదికి కారింది. చిన్నారావు గబుక్కున రంపం ఎత్తి వెలుగుకు పట్టి చూశాడు.

"అయ్యయ్యో! మూడు పళ్లు ఇరిగిపోనాయే!"

సత్యలక్ష్మికి నొప్పి కన్నా ముందు నవ్వు వచ్చింది. వేలు కొంగులో అదిమి పట్టుకుని, కళ్లమ్మట నీళ్లు కారుతుంటే పకపకా నవ్వింది. అప్పుడు ఆయన చూశాడు. చూసి తెల్లబోయాడు. పాపం, చెడ్డవాడు కాదు. సైకిలు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి పరుగు తీశాడు. కానీ గేటు దగ్గర సైకిలు ఆపి, చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా అన్నాడు.

"కత్తిపీటకి తెగిందని సెప్పు. నిన్ననే గదా నాకు బహుమతిచ్చినారు. నలుగురూ నవ్వుతారు."

నర్సు అడిగితే ఆవిడ అలాగే చెప్పింది. "ఇంత గరుకుగా కోసే కత్తిపీట ఎక్కడ కొన్నావు, దీదీ?" అని నర్సు నవ్వుతూ నాలుగు కుట్లు వేసింది. కుట్లు నొప్పెట్టాయి. అబద్ధం అంతకన్నా నొప్పెట్టింది. మూడేళ్ల పనిని, పనిలో తగిలిన దెబ్బను కూడా తన నోటితోనే వంటింటి ఖాతాలో వేసేసింది. ఆ వారమంతా కట్టు కట్టిన చేతితోనే బట్టలు ఉతికింది, బియ్యం కడిగింది, కట్టు తడిసినందుకు అత్తగారి చేత మాటలు పడింది. చేతులు పని చేసుకుపోతుంటే లోపల ఒకటే ఆలోచన. మిల్లులో ఎవడో ముక్కూ ముఖం తెలియని కూలీ చెయ్యి శికంజా కాదట. మరి నాది? నాది ఏ అంగట్లో కొన్నాడు? ఇంకెప్పుడూ చెక్క పట్టనని చెప్పేద్దామా అనుకుంది. అనుకోగానే దిగులేసింది. ఎందుకు దిగులో తనకే తెలియలేదు. రంపం దగ్గరికి వస్తే భయమే, నిజం. కానీ ఆ తెల్ల చెక్క వాసన, చిత్రికలోంచి చుట్టలు చుట్టలుగా రాలే పొట్టు, రెండు ముక్కలు సందు లేకుండా ఒకదాన్నొకటి కరుచుకున్న ఆ క్షణం, అవి లేకపోతే వారంలో తనకు మిగిలేది గిన్నెలే.

మళ్లీ సెలవు రోజు వచ్చింది. మళ్లీ అదే పిలుపు. సత్యలక్ష్మి వరండాలోకి వెళ్లి కట్టు చూపించింది.

"ఎడం సెయ్యి పట్టలేదండి. కుడిసెయ్యి శుభ్రంగా ఉంది. మీరు పట్టండి, నాను కోస్తాను."

ఆయన పెద్దగా నవ్వాడు. "నువ్వేటి, కొయ్యడమేటి?" అన్నాడు. అయినా బీరువా తలుపు ఆగిపోయి ఉంది, పైగా సరదా మనిషి. పళ్లు సాన పట్టించుకొచ్చిన రంపం ఇచ్చి, ఇటు పక్కకు వచ్చి కూర్చుని గీత పక్కన రెండు చేతులూ పెట్టాడు.

సత్యలక్ష్మి మోకాలు చెక్క మీద ఆనించింది. మొదట గోరంత గాటు పెట్టింది. రంపాన్ని ఒత్తలేదు, ఒత్తకపోతేనే అది దిగుతుందని మూడేళ్లుగా జానెడు దూరంనుంచి చూసిన మనిషికి వేరే చెప్పాలా? మెల్లగా లాగింది, తోసింది. చెక్క సన్నగా పాడింది. పొట్టు ఆవిడ పాదాల మీద వెచ్చగా రాలింది. గీత మీద గీతలాగే రంపం సాగిపోతుంటే ఆవిడకు ఒంట్లో ఎక్కడినుంచో సంతోషం పొంగుకొచ్చింది. పెళ్లైన దగ్గర్నుంచి అంత సంతోషం ఎరగదు.

చిన్నారావు మాత్రం సంతోషంగా లేడు. నాలుగో లాగుడుకే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏటండి, కదిపీసినారు? గీత తప్పిపోతాది."

"అది... మీదికొచ్చీసినట్టనిపించింది."

"నా సెయ్యి తెలీదేటి మీకు? బయమెందుకు? గట్టిగా పట్టండి."

అవన్నీ ఆయన మాటలే, మూడేళ్లుగా అన్నవే. ఆయన మళ్లీ పట్టాడు, మళ్లీ తీశాడు. మూడోసారి "ఆగాగు ఆగు!" అని లేచి నిలబడ్డాడు. నుదుటి మీద చెమట. రంపం పళ్లు అటు పక్కనుంచి ఎలా కనిపిస్తాయో ఆయన చూడడం అదే మొదలు.

గుమ్మంలో ఎవరో కిసుక్కున నవ్వారు. చూస్తే అప్పయమ్మ. కొడుకును చూసి ఆ తల్లి అలా నవ్వడం ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. నవ్వి నవ్వి, పైట చెంగుతో కళ్లు తుడుచుకుని, కుడిచెయ్యి ముందుకు చాపింది. చిటికెన వేలు వంకరగా పక్కకు తిరిగి ఉంది.

"ఇదెలగయ్యిందో ఎప్పుడైనా అడిగినావురా? మీ అయ్య బండికి ఇరుసు సెక్కినాడు. నాను పట్టినాను."

"పుట్టుకతో వచ్చిందనుకున్నానే అమ్మా!"

"నువ్వు పుట్టినప్పట్నుంచి సూస్తన్నావు గావాల, అలగే అనిపిస్తాది," అంది అప్పయమ్మ. కోడలి వైపు తిరిగి, "గీత శుభ్రంగా ఒచ్చిందే!" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో సత్యలక్ష్మికి అందిన మొదటి మెచ్చుకోలు అది.

చిన్నారావు చొక్కా తొడుక్కుని సైకిలు ఎక్కాడు. రెండు గంటల తర్వాత పవర్ హౌస్ బజారునుంచి గోనెసంచిలో బరువుగా ఏదో తెచ్చాడు. పచ్చరంగు వేసిన శికంజా. మధ్యాహ్నం భోజనం మాట మరిచిపోయి దాన్ని గట్టి బల్లకు బిగించాడు. అడక్కుండానే బూట్లు వేసుకొచ్చాడు. చెక్కను అటూ ఇటూ తిప్పి, సుత్తితో తట్టి, అంగుళం అంగుళం తడిమి రెండు విరిగిన మేకులు పీకాడు. శికంజా దవడల్లో పెట్టి పిడి తిప్పాడు. గుద్దినా కదల్లేదు.

"సూడు!" అన్నాడు పిల్లాడిలా మెరిసిపోతూ. తర్వాత తల దించుకుని, "తప్పు నాదేనే లచ్చీ. ఇంక నీతో పన్లేదు. ఎల్లి హాయిగా నడుం వాల్చు," అన్నాడు.

ఎంత మంచి మాట! అది వినాలనే కదా వారమంతా కుమిలింది. లోపలికి వెళ్లిపోవచ్చు. ఈ వరండాతో లంకె తెగిపోయింది. సత్యలక్ష్మి గుమ్మందాకా నడిచి, ఆగి, తన చేతులు రెండూ చూసుకుంది. దేన్నీ నొక్కి పట్టకుండా, ఎవరి గీతకూ కాపలా కాయకుండా అవి ఊరికే వేలాడుతున్నాయి. ఆ దిగులు ఎందుకో ఇప్పుడు తెలిసింది. తనకు వద్దనిపించింది చెక్క కాదు, పట్టుకోవడం.

వెనక్కి తిరిగి వచ్చింది.

"నాను ఎల్లనండి. రెండు సేతులూ ఇప్పుడే కాళీ అయ్యాయి. రంపం ఇటియ్యండి."

ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు. రంపం ఇచ్చాడు. ఇచ్చి, ఏం చేయాలో తోచక, చెక్కను పట్టుకుందామని గీత పక్కన చెయ్యి వేశాడు.

"అక్కడ మీ సెయ్యి అక్కర్లేదు," అంది సత్యలక్ష్మి, రంపం గీత మీద ఆనిస్తూ. "తియ్యండి."